బ్రేకు ఆయిలులో చేరు నీరు

అనంతపురము సీమలో నీటిని గురించి మాట్లాడుకొనని దినము లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా కురియు వాన, ఎండిన చెరువులు, నానాటికి లోతునకు పోవు బోరుబావులు, మబ్బుకై ఎదురుచూచు వేరుసెనగ చేలు: ఇవి మనకు పుట్టినది మొదలు తెలిసినవే. కాబట్టి ఇటీవల నా పరిచితుడైన ఒక యువకుడు, "అయ్యా, మన గాలిలో తేమయే లేదు గదా, బ్రేకు ఆయిలులోనికి నీరెట్లు వచ్చును?" అని అడిగినప్పుడు నాకు నవ్వు వచ్చినది. అయినను అది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

ఆ యువకుడు ఒక స్పోర్ట్స్ కారును కొన్నాడు. దానిని పందెపు ట్రాకుపై నడుపవలెనని అతని కోరిక. మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు 1953లో ఏర్పడినది. మద్రాసునుండి నెల్లూరు వైపు వచ్చు దారిలోని షోళవరమున, పాత విమానముల రన్‌వేపై, దశాబ్దముల తరబడి పందెములు జరిగినవి. తరువాత శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాకు వెలసినది. పందెగాండ్రు కానివారు సైతము రుసుము చెల్లించి తమ సొంత కార్లను అట్టి ట్రాకులపై నడుపుకొను దినమునే 'ట్రాక్ డే' అందురు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019నుండి కార్లు తయారగుచున్న ఈ కాలమున, మన పీఠభూమి యువకులకు ఇట్టి వేడుక కలుగుటలో వింత లేదు.

ఇక బ్రేకు సంగతి. మనము బ్రేకు ఆయిలు అని పిలుచునది నిజమునకు నూనె కాదు. సాధారణముగా అది గ్లైకాల్ జాతి ద్రవము. మనము పెడలు త్రొక్కగా కలుగు ఒత్తిడిని ఈ ద్రవమే సన్నని గొట్టముల ద్వారా చక్రముల కడకు చేర్చును. అచట ప్యాడ్లు డిస్కును బిగించి పట్టును. ద్రవమును అదిమిన అణగదు గనుకనే ఈ ఏర్పాటు పని చేయును.

కారును ఆపుట యనగా దాని వేగమును వేడిగా మార్చుటయే. 1500 కిలోల బరువు గల కారు గంటకు 160 కిలోమీటర్ల వేగమునుండి 60కి తగ్గినదనుకొందము. అందు పుట్టు వేడి సుమారు నాలుగు లీటర్ల చల్లని నీటిని మరిగించుటకు చాలును. ఊరిలో ఇట్టి బ్రేకు ఎప్పుడో ఒకసారి వేయుదుము. ట్రాకుపై ప్రతి చుట్టులోను పలుమార్లు వేయవలెను. డిస్కులు ఐదారువందల డిగ్రీలకు ఎక్కును. ఆ వేడి ప్యాడ్లగుండా ప్రాకి ద్రవమును మరిగించెనా, గొట్టములో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము అణగదు గాని ఆవిరి అణగును. పెడలు మెత్తగా నేలవరకు దిగిపోవును. కారు మాత్రము ఆగదు.

ఇచటనే నీటి ప్రసక్తి వచ్చును. గ్లైకాల్ ద్రవము తేమను పీల్చు స్వభావము కలది. రబ్బరు గొట్టముల సన్నని రంధ్రములగుండా, డబ్బా మూతగుండా గాలిలోని తేమ అందు చేరుచునే యుండును. మన వేసవిలో ఈ చేరిక నెమ్మదించును గాని ఆగిపోదు. వానకాలపు రాత్రులున్నవి. పైగా ఆ కారు పోవునది సముద్రపు గాలి వీచు మద్రాసు ప్రాంతమునకు.

అందుచేతనే ప్రతి రకమునకు రెండు మరుగు అంకెలు ఇత్తురు. ఒకటి క్రొత్త ద్రవమునకు, రెండవది సుమారు 3.7 శాతము నీరు చేరిన ద్రవమునకు. డాట్ 3 రకమునకు ఇవి కనీసము 205, 140 డిగ్రీలు. డాట్ 4కు 230, 155. డాట్ 5.1కి 260, 180. పందెముల కొరకు చేసిన ద్రవములు క్రొత్తలో 300 డిగ్రీలు దాటును. సీసాపై పెద్ద అక్షరములతో అచ్చువేయునది ఈ మొదటి అంకెనే. కొనువారు చూడవలసినది మాత్రము రెండవదానిని అని నా అభిప్రాయము. ట్రాకు కొరకు అది 200కు తక్కువ కాకుండుట మేలు.

డాట్ 5 అనునది వేరొకటి కలదు. 5.1కి అన్నవలె తోచును గాని ఆ జాతియే వేరు. అది సిలికోను ద్రవము, నీటిని పీల్చదు. పీల్చకపోవుట గుణమనుకొందురేమో! లోన చేరిన నీరు కలియక ఒకచోట గుమిగూడి నూరు డిగ్రీలకే మరుగును. మిగిలిన రకములతో దీనిని కలుపరాదు, ట్రాకుకు వాడరాదు.

తొలిసారి పోవువారికి, కారు పుస్తకము అనుమతించినచో, మేలురకపు క్రొత్త డాట్ 4 గాని 5.1 గాని చాలును. వేసవిలో చుట్టుపై చుట్టు తిరుగువారికి పందెపు ద్రవము అవసరము. అయితే దానిని తరచుగా మార్చవలెను. మామూలు కార్లకు చాలమంది తయారీదారులు చెప్పు రెండేండ్ల గడువు దీనికి వర్తింపదు. ఎంత ఖరీదైనదైనను పాతబడినచో, నిన్న మూత తీసిన మామూలు డాట్ 4కంటె హీనము కావచ్చును.

మరియొక మాట. పెడలు గట్టిగానే యుండి కారు ఆగకున్నచో దోషము ప్యాడ్లది; అప్పుడు ద్రవము మార్చి లాభము లేదు. పెడలు మెత్తబడినచో దోషము ద్రవములోనిది. చల్లారినంతనే పెడలు మరల గట్టిపడును. దానిని చూచి బాగైనదనుకొని తిరిగి ట్రాకెక్కుట ప్రమాదము. ద్రవము మార్చి, గాలి తీయించవలెను. చివరి చుట్టును నెమ్మదిగా, బ్రేకు త్రొక్కక నడిపిన పిమ్మటనే నిలుపవలెను. నిలిపినవెంటనే హ్యాండ్ బ్రేకు బిగింపరాదు. కదలని కారుకు గాలి తగలక, డిస్కుల వేడి ద్రవములోనికి ఎక్కునది అప్పుడే.

మా ఇంట స్పోర్ట్స్ కారు లేదు గదా అనువారు తిరుమల యాత్రను తలచుకొందురు గాక. 1944లో తెరచిన మొదటి ఘాటు రోడ్డు నేడు కొండ దిగుటకు వాడబడుచున్నది. ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని, పై గేరులో, బ్రేకుపై కాలు తీయక దిగు కారులో జరుగునది సరిగా ఇదే. క్రింది గేరులో దిగినచో ఇంజనే సగము పని చేయును.

ఆ యువకుడు తన షెడ్డునుండి ఒక సీసా తెచ్చి చూపినాడు. మంచి పందెపు రకమే. సగము వాడి, మూత వదులుగా పెట్టి, క్రిందటి వేసవినుండి అల్మరాలో ఉంచినాడట. దానిని పారవేయుమంటిని. ఖరీదు తలచి కొంత నొచ్చుకొన్నాడు గాని, మరునాడే చిన్న సీసాలు రెండు, మూత విప్పనివి, తెప్పించుకొన్నాడు.