డావెంట్రీ పొలములో ఒక ఉదయము

మన యింట పాటలు వినిపించు రేడియోకును యుద్ధమునకును బంధుత్వ మేమని శ్రోతలు అడుగవచ్చును. ఆ బంధుత్వము చాల దగ్గరిది. దానిని గూర్చి చెప్పుటకు ఒక ప్రసార కేంద్రముతోనే ఆరంభించుట ఉచితమని మాకు తోచుచున్నది.

1935వ సంవత్సరారంభమున బ్రిటిషు విమానశాఖవారు వాట్సన్ వాట్ అను రేడియో శాస్త్రజ్ఞుని ఒక వింత ప్రశ్న అడిగిరి. శత్రు విమాన చోదకుని దూరమునుండియే నిర్వీర్యుని చేయగల ‘మృత్యు కిరణము’ను రేడియో తరంగములతో సృష్టింప వచ్చునా? మన పురాణములలోని ఆగ్నేయాస్త్రము వంటి దన్నమాట! ఆయన సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్ లెక్కవేసి, అందుకు కావలసిన శక్తి ఆనాటి యంత్రములకు అందని దని తేల్చెను. అయితే విమానములు సమీపించినపుడు రేడియో సంకేతములు చెదరుచుండుటను తపాలాశాఖ ఇంజనీర్లు అంతకుముందే గమనించి యుండిరి. విమానమును కూల్చలేకపోయినను, అది వచ్చుచున్న దని తెలిసికొనవచ్చును గదా యని విల్కిన్స్ సూచించెను.

పరీక్షకై కొత్త ప్రసార యంత్ర మేదియు నిర్మింపలేదు. డావెంట్రీలో బి.బి.సి. వారి హ్రస్వతరంగ ప్రసారిణి అప్పటికే పనిచేయుచుండెను. 1935 ఫిబ్రవరి 26న ఆ తరంగములు వ్యాపించిన ఆకాశమున ఒక హేఫర్డ్ బాంబరును ఎగురవేసిరి. కొన్ని మైళ్ల దూరమున, పొలములో నిలిపిన వాహనమునందు గ్రాహక యంత్రము నుంచుకొని శాస్త్రజ్ఞులు కాచుకొని యుండిరి. విమానమునకు తగిలి మరలివచ్చిన తరంగము యంత్రపు తెరపై కాంతి బిందువును కదలించెను. దాదాపు ఎనిమిది మైళ్లవరకు ఆ జాడ చిక్కెను. దేశదేశములకు వార్తలు మోసికొనిపోవు తరంగము ఆనాడు వేగులవాని పని చేసినది.

తరువాత నిర్మించిన రాడార్ కేంద్రములు ఎడతెగని తరంగమునకు మారుగా, విడివిడిగా స్వల్ప స్పందములను పంపుచుండెను. రేడియో తరంగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. 150 కిలోమీటర్ల దూరమునందలి విమానమునకు తగిలి మరలివచ్చుటకు దానికి సెకనులో వెయ్యవ వంతు పట్టును. ఆ కాలమును కొలిచినచో దూరము తెలియును. కొండ యెదుట కేకవేసి ప్రతిధ్వనికై చెవియొగ్గినట్లే.

1940 వేసవిలో జర్మన్ విమానములు దండెత్తి వచ్చునాటికి ఇంగ్లండు తీరమున ఇట్టి కేంద్రములు వరుసగా నిలిచి యుండెను. వాని ఉక్కు స్తంభముల ఎత్తు 360 అడుగులు. ఈ స్తంభములే విజయమును తెచ్చిన వని అనేకులు చెప్పుదురు. మేము అంగీకరింపజాలము. జర్మనీ వద్దను రాడార్లు ఉండెను. కొన్ని సూక్ష్మతలో ఇంగ్లీషువారి వానిని మించినవి కూడ. బ్రిటను బలము ఆ స్తంభముల వెనుక అల్లిన టెలిఫోను తీగలలో ఉండెను. తీరకేంద్రముల వార్తలన్నియు బెంట్లీ ప్రయరీ యను భవనమునకు చేరుచుండెను. అచ్చట వానిని వడపోసి, పొరపాట్లు సరిదిద్ది, యుద్ధవిమాన స్థావరములకు పంపుచుండిరి. బల్లపై పరచిన పెద్ద పటముమీద యువతులు పొడవాటి కర్రలతో బిళ్లలను జరుపుచు శత్రువు నడకను చూపుచుండిరి. తీరము దాటి లోనికి వచ్చిన విమానములు ఆ రాడార్లకు అందవు. అచ్చట దుర్భిణులు పట్టిన పరిశీలకుల కన్నులే దిక్కు. ఈ యేర్పాటునకు రూపకల్పన చేసినవాడు వైమానిక సేనాని హ్యూ డౌడింగ్. దీనివలన బ్రిటిషు విమానములు గంటలకొలది గాలిలో గస్తీ తిరిగి ఇంధనమును, చోదకుల సత్తువను వృథాచేయనక్కరలేక, అవసరమైన వేళకే పైకి లేచుచుండెను.

అట్టి యేర్పాటు కుదురుకొననిచోట ఏమి జరుగునో 1941 డిసెంబరు 7న హవాయి దీవులలో కనబడెను. ఉదయము 7 గంటల 2 నిమిషములకు ఓపనా రాడార్ వద్దనున్న ఇద్దరు సైనికులు, 130 మైళ్లకు పైబడిన దూరమున గొప్ప విమాన సమూహమును గుర్తించి టెలిఫోను చేసిరి. అందుకొనిన యువాధికారికి ఆ పని కొత్త. స్వదేశమునుండి తమ బాంబర్లే ఆ ఉదయము రావలసి యుండుటచే, అవియే కాబోలు ననుకొని, కలవరపడ వలదని ఆయన బదులు చెప్పెను. గంట తిరుగకమునుపే పెర్ల్ హార్బరుపై బాంబులు పడెను. యంత్రము తన పని చక్కగనే చేసినది!

నాలుగు నెలలు నిండకముందే జపాను విమానములు మన తీరమునకును వచ్చెను. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నము, కాకినాడలపై బాంబులు కురిసినవి. ఆ విశాఖలోనే 1970లో ఒక రాడార్ నెలకొల్పబడినది. బంగాళాఖాతమున తుఫానుల జాడ తీయుట దాని పని.