కోపము వెనుక దాగిన గాయము

ఆదివారము ఆరాధనలో కానుకల సంచి పట్టుకొని నడిచే సంఘపెద్ద ఆయన. ప్రార్థన చేయమంటే కన్నీళ్లతో చేస్తాడు. అదే మనిషి సాయంత్రం ఇంటికి వచ్చి, కొడుకు పుస్తకము తీయలేదని తెలిస్తే చేతికి ఏది దొరికితే దానితో కొడతాడు. అడ్డము వచ్చిన భార్యకూ దెబ్బలే. రాత్రి అందరూ పడుకున్నాక మోకరించి దేవుని క్షమాపణ అడుగుతాడు. మనస్ఫూర్తిగానే అడుగుతాడు. వారము తిరగకముందే మళ్లీ అదే జరుగుతుంది.

ఇది ఏ ఒక్క కుటుంబపు సంగతీ కాదు, ఉదాహరణకు చెప్పినది మాత్రమే. అయినా చదువుతూ ఉంటే మీకు తెలిసిన ఇల్లు ఒకటి గుర్తుకు వచ్చి ఉండవచ్చు. అది మన ఇల్లే కావచ్చు.

ఇటువంటి సహోదరుడు మన దగ్గరకు వస్తే ఏమి చెప్తాము? "ప్రార్థనలో పెట్టండి బ్రదరుగారూ, కోపము తగ్గించుకోండి" అంటాము. మంచి మాటే. కాని ఆ మాట ఆయనకు ముందే తెలుసు. తెలిసీ చేయలేకపోవడమే ఆయన బాధ. ఇటువంటి చోట కౌన్సెలింగ్ ఉపయోగపడుతుంది. కౌన్సెలింగ్ అంటే సలహాలు చెప్పడము కాదు. అందులో పద్ధతులు అనేకము. మూడింటిని ఈ సహోదరుని విషయములోనే చూద్దాము.

ఆలోచనను పరీక్షించుట

1960 దశకములో అమెరికాలో డాక్టర్ ఆరన్ బెక్ రూపొందించిన పద్ధతి నుండి వచ్చినది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. ఇది ఈనాటి ఇబ్బందిని సూటిగా పట్టుకుంటుంది. చెయ్యి లేవడానికి ముందు మనసులో ఏ మాట మెదిలింది? "వీడు చదవకపోతే వీడి బ్రతుకు నాశనమే." ఒక్కరోజు పుస్తకము తీయకపోతే బ్రతుకు నాశనమవుతుందా? ఇలా ఆ తలంపును పరీక్షిస్తారు. కోపము ఎక్కే గుర్తులు కనబడగానే గుమ్మము దాటి బయటకు వెళ్లడము అలవాటు చేయిస్తారు. జరిగినది కాగితము మీద వ్రాసుకొని రమ్మంటారు. సాధారణంగా 12 నుండి 20 సార్లు కలిస్తే సరిపోతుంది.

తీర్పు తీర్చక వినుట

కార్ల్ రోజర్స్ సేవకు సిద్ధపడాలని న్యూయార్క్‌లోని యూనియన్ థియోలాజికల్ సెమినరీలో చేరి, తరువాత మనస్తత్వశాస్త్రమువైపు మళ్లినవాడు. 1942లో కౌన్సెలింగ్ మీద ఆయన వ్రాసిన పుస్తకము చాలామందికి దారి చూపింది. ఎదుటివాని మీద తీర్పు తీర్చక, తొందరపడి దారి చెప్పక, అతని బాధను అతని స్థానములో ఉండి వినాలన్నది ఆయన బోధ. అందరూ గౌరవించే సంఘపెద్దకు తన సిగ్గును విప్పి చెప్పుకొనే చోటు దొరకడమే గొప్ప ఆదరణ.

మూలము వెదకుట

మూడవది సైకోడైనమిక్ థెరపీ. దీని వేరు వియన్నా నగరపు వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ పనిలో ఉన్నది. 1895లో ఆయన, జోసెఫ్ బ్రాయర్ కలిసి ప్రచురించిన పుస్తకములో, బాధను మాటల్లో బయటపెట్టుకొని ఉపశమనము పొందిన రోగుల సంగతులు ఉన్నాయి. ఫ్రాయిడ్ పద్ధతిలో రోగి పడక మీద పడుకొని దాదాపు ప్రతిరోజూ మాట్లాడేవాడు. ఈనాటి సైకోడైనమిక్ థెరపీలో సాధారణంగా ఎదురెదురుగా కూర్చొని, వారానికి ఒకటి రెండుసార్లు మాట్లాడతారు. ఇది కొన్ని నెలలు, ఒక్కొక్కసారి సంవత్సరాలు సాగుతుంది.

ఈ కోపము ఎక్కడ నుండి వచ్చింది? ఇదే ఇక్కడి ప్రశ్న. మన సహోదరుడు కొన్ని వారాలు మాట్లాడాక ఒకరోజు, కొడుక్కి పదేళ్లు నిండాయని చెప్తాడు. తనకు పదేళ్లప్పుడే తండ్రి అప్పు తీర్చడానికి తనను బడి మాన్పించి పాలేరుగా పెట్టాడు. పలక చూరులో దోపి పశువుల వెంట వెళ్లాడు. ఆనాడు ఏడవలేదు. "మా నాయన దేవుడులాంటి మనిషి" అనడము తప్ప తండ్రిని ఒక్కమాట అనలేదు. ఆ దుఃఖము, ఆ కోపము ఎక్కడికీ పోలేదు. తనకు దక్కని పుస్తకము చేతిలో ఉండి కూడా తెరవని కొడుకు మీద అవి బయటపడుతున్నాయి.

ఇంకొక సంగతి. కౌన్సెలర్ ఒకవారము రాలేకపోతే, మరుసటి వారము ఈయన ముభావంగా కూర్చుంటాడు. "నాలాంటివాడితో మీకేమి పని?" అంటాడు. కౌన్సెలర్ నొచ్చుకోడు. "మీ నాయన వదిలేసినట్టే నేనూ వదిలేశాననిపించిందా?" అని అడుగుతాడు. పాత సంబంధములోని భావాలు ఇలా కొత్త మనిషి మీదికి రావడాన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. ఈ పద్ధతికి అది ముఖ్యమైన పనిముట్టు.

ఏది మంచిది?

కుంగుబాటు వంటి బాధలలో సైకోడైనమిక్ థెరపీ, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ దాదాపు సమానముగా మేలు చేస్తున్నట్టు పరిశోధనలు చూపిస్తున్నాయి. ఏ పద్ధతిలోనైనా కౌన్సెలర్‌పై కుదిరే నమ్మకము చాలా ముఖ్యము. అయితే గాయము ఉన్నంత మాత్రాన దెబ్బలు న్యాయము కావు. తండ్రి మనసు మారేదాకా బిడ్డ దెబ్బలు తింటూ ఉండకూడదు. కాబట్టి ముందు చెయ్యి ఆగే మార్గము, ఆ తరువాత మూలము. పిల్లల రక్షణకు 1098కు ఫోన్ చేయవచ్చు.

చెవిలో మాటలు వినబడుతున్నా, చావాలనే తలంపులు వస్తున్నా వెంటనే మానసిక వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్లాలి. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ సమయములోనైనా ఉచితముగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

విశ్వాసానికి విరోధమా?

ఫ్రాయిడ్ దేవుని నమ్మలేదు. మతము ఒక భ్రమ అని 1927లో పుస్తకమే వ్రాశాడు. అయితే జూరిచ్ నగరములోని ప్రొటెస్టెంట్ పాస్టరు ఆస్కార్ ఫిస్టర్ 1909 నుండి ఆయనకు స్నేహితుడు. ఆ పద్ధతిని తన సంఘపరిచర్యలో వాడుకున్నాడు. ఆ పుస్తకానికి 1928లో జవాబు కూడా వ్రాశాడు. పనిముట్టును తీసుకున్నాడు, అవిశ్వాసాన్ని తీసుకోలేదు. మన దేశములో మిషనరీ ఇ. స్టాన్లీ జోన్స్ 1950లో లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక చికిత్సాలయాన్ని స్థాపించాడు. సేవ తొలి సంవత్సరాలలో ఆయనే మానసికముగా, శారీరకముగా కుప్పకూలినవాడు.

యోసేపును తలంచుకొనండి. తన బాధనంతా దేవుడు మరపింపజేశాడని పెద్ద కుమారునికి మనష్షే అని పేరు పెట్టాడు. అయినా అన్నలు ఎదుటికి రాగానే చాటుకు వెళ్లి ఏడ్చాడు, మళ్లీ ఏడ్చాడు. చివరకు ఐగుప్తీయులు వినేటంత గట్టిగా ఏడ్చాడు (ఆదికాండము 41 నుండి 45 అధ్యాయాలు). మరచిపోయాననుకున్నది లోపలే ఉన్నది. అది బయటికి వచ్చిన తరువాతనే అన్నలను కౌగిలించుకున్నాడు.

మన పల్లెలలో శిక్షణ పొందిన కౌన్సెలర్లు అరుదు. కాని ఒక్క మేలు ఏ సంఘమైనా చేయవచ్చు. ఎవరైనా మనసు విప్పితే నడుమ అడ్డుపడకుండా వినండి. విన్నదానిని బుధవారము కూడికలో ప్రార్థన అంశముగా చదవకండి. ఒక్కసారి గుట్టు బయటపడితే ఆ మనిషి మళ్లీ ఎవరి దగ్గరా నోరు తెరవడు. దెబ్బలు తినే బిడ్డ విషయములో మాత్రము మౌనము తగదు. మన శక్తికి మించినదైతే, డాక్టరు దగ్గరకు ఆయన వెంట మనమే బస్సెక్కుదాము. అదీ పరిచర్యే.