తెల్లబట్ట అంటే సరిపోదు

ఉక్కు కర్మాగారంలో కొలువుల కోసం తరాల క్రితం జంషెడ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాల్లో దాన్ని తెల్లబట్ట అంటారు. ఆస్పత్రిలో హిందీలో సఫేద్ పానీ అనాలి. ఏ భాషలో చెప్పినా, ఆ ఒక్క మాటతో డాక్టరుకు తెలిసేది తక్కువే. వాసన, దురద లేని తెల్లని స్రావం సహజం. దానితో ఒంట్లో సత్తువంతా పోతుందన్నది అపోహ. విరిగిన పాలలా ఉండి దురద పెడితే ఫంగస్ కావచ్చు. బూడిదరంగులో చేపల వాసన వస్తే బ్యాక్టీరియా సమతౌల్యం తప్పినట్టు. పసుపుపచ్చని నురగ కనిపిస్తే ట్రైకోమోనాస్‌ను అనుమానించాలి. అదే అని తేలితే భర్తకూ చికిత్స తప్పదు. ఇంట్లో ఆ మాట చెప్పడమే చాలామందికి కష్టం. జిల్లా ఆస్పత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో మందులు ఉచితం. గర్భిణులు, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉన్నవారు ఆలస్యం చేయకూడదు. ముట్లుడిగాక నెత్తుటి చారిక కనిపిస్తే, నొప్పి లేకపోయినా వెళ్లాల్సిందే: అది క్యాన్సర్ సూచన కావచ్చు.