మడతకత్తి పిడి: ఎముక నుంచి గాజుగుడ్డ దాకా

మడతకత్తి కొనబోతే అందరి చూపూ అలుగు మీదే ఉంటుంది. పదును పోతే సానరాయి ఉంది, పిడి చేతికి కుదరకపోతే మాత్రం ఏ రాయీ బాగుచేయదు. అందుకే ఈసారి పిడుల ముచ్చట్లు.

అతి పాతది
ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికిన మడతకత్తి క్రీ.పూ. 600-500 నాటిది. దాని పిడి ఎముక. పశువుల కాలి ఎముకకు గాట్లు పెట్టి పిడులు చేయడం నేటికీ ఉంది. ఆ గాట్లు అందానికే కాదు, వేళ్లు జారకుండా ఆపడానికి కూడా.

అతి సాదాది
ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన కత్తికి బీచ్ కర్ర పిడి. తడిస్తే కర్ర ఉబ్బి అలుగును బిగబట్టేస్తుంది. అప్పుడు గోళ్లు విరగ్గొట్టుకోనక్కర్లేదు. పిడి చివరను బల్లకేసి టక్కున కొడితే, ఆ అదురుకి అలుగు గాడిలోంచి కాస్త పైకి లేస్తుంది.

చోటు చాలనిది
ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్ 1822లో 1,822 అలుగులతో ఒక కత్తి చేసింది. ఏడాదికొకటి చొప్పున అలుగులు పెంచాలన్నది ఏర్పాటు. 2000 దాటాక ఇంకొకటి పెట్టే చోటు లేకపోయింది.

నీళ్లలో మునిగే కర్ర
సోనోరన్ ఎడారిలో పెరిగే ఐరన్‌వుడ్ నీళ్లలో తేలదు. చేవ అంత గట్టిది కాబట్టే అమెరికా కత్తుల తయారీదారులకు ప్రీతి. మన శేషాచలం ఎర్రచందనం చేవ కూడా మునిగేదే.

అతి ప్రాచీన పదార్థం
సైబీరియా మంచునేలలో దొరికే, అంతరించిన ఏనుగు జాతి మామత్ దంతం పది వేల ఏళ్లు పైబడినది. మట్టిలోని ఖనిజాలు ఇంకి కొన్ని ముక్కలు నీలంగా, పచ్చగా మారతాయి. చూడముచ్చటే గానీ, తేమ మారితే బీటలిస్తుంది.

కత్తినే తినేది
సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పిడులు రంగుల్లో మెరిసిపోయేవి. ఏళ్లు గడిచి కుళ్లడం మొదలైతే వాటినుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సొంత అలుగునే కాదు, పక్కనున్న కత్తులనూ తుప్పు పట్టిస్తుంది. సేకర్తలు వీటిని విడిగా దాస్తారు.

చలికి కొరికేది
అల్యూమినియం తేలిక, కానీ చేతిలోని వేడిని చప్పున లాగేస్తుంది. టైటానియం మిశ్రమం అంతకంటే ఇరవై రెట్లకు పైగా నెమ్మదిగా వేడిని లాగుతుంది. పైగా తుప్పు పట్టదు, బరువు ఉక్కులో సగానికి కాస్త ఎక్కువ.

తడికి లొంగనిది
గాజుగుడ్డ పొరలను ఎపాక్సీలో ముంచి, ఒత్తి చేసేది జీ-10. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల జాతే ఇది. ఉబ్బదు, కుళ్లదు. నూలుగుడ్డ, రెసిన్ కలిపిన మికార్టా ఐతే తడిచేతిలో ఇంకా గట్టిగా పట్టు ఇస్తుంది.

ఇక వద్దనుకోవాల్సినది
కణుజు కొమ్ము గరుకుగా, పట్టుకు హాయిగా ఉంటుంది. మన దేశపు కొమ్ములు ఒకప్పుడు షెఫీల్డ్‌కు వెళ్లేవి. కణుజు ఏటా కొమ్ము రాల్చుకుంటుంది, నిజమే. కానీ రాలినదేదో, వేటాడి కోసినదేదో సంతలో తేల్చలేం. 1998లో భారత్ ఈ ఎగుమతిని ఆపేసింది, మంచి పనే చేసింది.

పళ్లు కోసుకోవడానికైతే కర్ర పిడి చాలు. చేపలకూ, వానలో పనికీ జీ-10 గానీ మికార్టా గానీ మేలు. కొట్టులో చేయి తడి చేసుకుని, అలుగు మూసే ఉంచి, పిడిని పిడికిట్లో బిగించి చూడండి. వేళ్లు జారితే ఆ కత్తి ఎంత పదునైనా మీది కాదు.