తొమ్మిదికీ ఇరవై రెండుకీ మధ్య

"మా వంశంలో ఎవరికీ లేదే, మా బాబుకెందుకొచ్చింది?" అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ అని రిపోర్టు చేతికందగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. దాదాపు ఎప్పుడూ ఇది వంశం నుంచి వచ్చింది కాదు. కన్నవాళ్ల తప్పు అసలే కాదు. చాలామందిలో జరిగేది ఇది: ఎక్కడో ఒక్క రక్తకణంలో రెండు క్రోమోజోములు తెగి, తిరిగి అతుక్కునేటప్పుడు తారుమారవుతాయి. సికింద్రాబాద్ స్టేషన్‌లో రెండు రైళ్ల చివరి బోగీలు ఊడదీసి, దీనివి దానికీ దానివి దీనికీ తగిలించినట్టు. అతుకుపడ్డ చోట రెండు జన్యువుల ముక్కలు కలిసి, అంతకుముందు ఒంట్లో లేని కొత్త జన్యువు తయారవుతుంది.

ఇలాంటి మార్పిడుల్లో బాగా తెలిసింది ఫిలడెల్ఫియా క్రోమోజోమ్. 1960లో నోవెల్, హంగర్‌ఫర్డ్ దీర్ఘకాలిక లుకేమియా రోగుల్లో దాన్ని గుర్తించారు. అది 9, 22 క్రోమోజోముల మధ్య మార్పిడి అని 1973లో షికాగోలో జానెట్ రౌలీ తేల్చారు. దీనివల్ల పుట్టే బి.సి.ఆర్-ఎ.బి.ఎల్. ప్రోటీన్, విభజన చెందమని కణాన్ని ఆపకుండా పురిగొల్పుతూనే ఉంటుంది. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన పెద్దవాళ్లలో సుమారు నాలుగోవంతు మందిలో, పిల్లల్లో నూటికి ముగ్గురు నలుగురిలో ఇది కనిపిస్తుంది.

పిల్లల లుకేమియాకు మందు దారి తెరిచినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మంది కొంతకాలం కోలుకున్నారు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ ఈ చికిత్సకు మూలస్తంభం. అయితే ఏ క్రోమోజోమ్ తెగిందో దానికి పట్టదు, వేగంగా పెరిగే కణాలన్నిటినీ దెబ్బతీస్తుంది. ఇమాటినిబ్ అనే మందు మాత్రం నేరుగా ఆ బి.సి.ఆర్-ఎ.బి.ఎల్. ప్రోటీన్‌నే పట్టుకుంటుంది. ఫిలడెల్ఫియా రకం ఉన్న పిల్లలకు కీమోతో కలిపి దాన్ని విడవకుండా ఇచ్చినప్పుడు, మూడేళ్లపాటు జబ్బు తిరగబెట్టకుండా గడిపినవారు 35 శాతం నుంచి 80 శాతానికి పెరిగారని 2009లో అమెరికా వైద్యులు ప్రకటించారు. హైదరాబాద్ కంపెనీ నాట్కో 2003లోనే దీన్ని వీనాట్ పేరుతో చవకగా తెచ్చింది. ఆ మందుపై నోవార్టిస్ కంపెనీ కోరిన పేటెంటును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నిరాకరించింది. ఎన్నో ఇళ్లను నిలబెట్టిన తీర్పు అది.

మందు అందుబాటులో ఉంది సరే, ఏ మార్పిడో తెలియకపోతే అది ఎవరికివ్వాలో తెలియదు. 12, 21 క్రోమోజోముల మధ్య జరిగేది పిల్లల్లో తరచుగా కనిపిస్తుంది, చికిత్సకు బాగా లొంగుతుంది. కానీ మామూలు క్రోమోజోమ్ పరీక్షలో కంటికి ఆనదు. ఫిష్ (FISH) అనే జన్యు పరీక్షో పి.సి.ఆరో చేయాల్సిందే. ఏడాది నిండని పసికందుల్లో ఎక్కువగా 11వ క్రోమోజోమ్ మీది కె.ఎం.టి.2ఎ జన్యువు తెగుతుంది. అది మొండిది, దానికి తీవ్రమైన చికిత్స కావాలి. అందుకే ఈ పరీక్షలను అదనపు ఖర్చుగా చూడొద్దు. ఇంకో జాగ్రత్త: జ్వరమనో కీళ్లనొప్పులనో ముందుగా స్టిరాయిడ్లు పడితే క్యాన్సర్ కణాలు కొన్నాళ్లు అణిగిపోయి, అసలు జబ్బే దొరక్కుండా పోవచ్చు. లుకేమియా అనుమానం ఉంటే, స్టిరాయిడ్లు మొదలుపెట్టకముందే బోన్ మ్యారో నమూనా తీయించాలి.