చేయి ఊతం లేకుండా కుర్చీలోంచి లేవగలరా?

మోకాళ్ళ నొప్పులనీ, నడుము నొప్పనీ మా ఓ.పి.కి వచ్చే తల్లులను మేము ముందుగా అడిగేది ఒకటే: "అమ్మా, చేతులు గుండెలమీద కట్టుకుని ఈ కుర్చీలోంచి ఒక్కసారి లేవండి." యాభై దాటినవారిలో చాలామంది నవ్వేసి కుర్చీ చెయ్యి పట్టుకుంటారు. కత్తిపీట ముందు కూర్చుంటే లేవలేక, కూరలు తరగడం బల్లమీదికి మార్చుకున్నామని చెబుతారు. అంతా వయసు ఖాతాలో వేసేస్తారు. నిజానికి అందులో వయసు పాలు కొంతే. మిగిలినది కండల బలం తగ్గిపోవడం, దానిని మళ్ళీ తెచ్చుకోవచ్చు.

"రోజంతా ఇంటి చాకిరీయే కదండీ, ఇంకా వ్యాయామం ఎందుకు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే శరీరం అలవాటైన బరువుకు సరిపడే బలాన్నే ఉంచుకుంటుంది. పదేళ్ళుగా అదే బిందె, నడుముకు అదే పక్క! కండ పెరగాలంటే బరువును కొద్దికొద్దిగా పెంచాలి, రెండు పక్కలా పని చెప్పాలి, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. ఇంటిపనిలో ఈ మూడూ లేవు, విశ్రాంతి అసలే లేదు.

ముప్పై ఏళ్ళు దాటాక కండ పదేళ్ళకు సుమారు 3 నుండి 8 శాతం తగ్గుతుంది. మన దేశంలో స్త్రీలకు బహిష్టులు సగటున 46, 47 ఏళ్ళకే ఆగిపోతాయి. అప్పుడు ఈస్ట్రోజన్ తగ్గి, తరువాతి కొన్నేళ్ళలో ఎముకలు వేగంగా పలచబడతాయి. ఆ మీదట స్నానాల గదిలో జారితే తుంటి ఎముక విరుగుతుంది. మంచాన పడిన ఆ పెద్దావిడకు సేవ చేసేది కూడా తరచుగా ఇంకో స్త్రీయే, కోడలో కూతురో.

కండ గట్టిగా లాగినప్పుడు ఎముకమీద ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడికి ఎముక కొత్తగా గట్టిపడుతుంది. ఆస్ట్రేలియాలో బహిష్టులు ఆగి ఎముకలు పలచబడిన 101 మంది స్త్రీలపై జరిపిన లిఫ్ట్‌మోర్ పరిశీలన 2018లో వెలువడింది. నిపుణుల ఎదుట వారానికి 2 సార్లు, అరగంట చొప్పున 8 నెలలు బరువులెత్తినవారిలో నడుము వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసినవారిలో 1.2 శాతం తగ్గింది. షుగరు ఉన్నవారికి ఇంకో లాభం కూడా ఉంది: భోజనం తరువాత రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండలే.

"మగవాళ్ళలా కండలు తిరుగుతాయేమో" అని పెళ్ళికాని పిల్లల తల్లులు భయపడతారు. అలా కండలు పెంచే టెస్టోస్టిరోన్ స్త్రీలలో చాలా తక్కువ. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. దాని వెనుక ఏళ్ళ తరబడి కఠోర శిక్షణ ఉంది. వారానికి రెండు రోజుల వ్యాయామంతో ఎవరూ పహిల్వానులైపోరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది కూడా వారానికి కనీసం రెండు రోజులే. కుర్చీని గోడకు ఆనించి, కూర్చుని లేవండి. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి, వెనక్కి నెట్టండి. లీటరు నీళ్ళ సీసా అంటే ఒక కిలో. చేతికొకటి పట్టుకుని మోచేతులు మడిచి చాపండి. ఒక్కొక్కటి 8 నుండి 12 సార్లు. చివరి రెండు సార్లూ కాస్త కష్టమనిపించాలి. సులువైపోతే సీసా పెద్దది చేయండి. ఊపిరి మాత్రం బిగబట్టకండి, బి.పి. పెరుగుతుంది. పప్పు, గుడ్డు, పాలు, వేరుశనగలు అందరికీ వడ్డించాక మిగిలితే తినే అలవాటు మానండి. మాంసకృత్తులు లేకుండా కండ దేనితో పెరుగుతుంది?

బి.పి. అదుపులో లేనివారు, ఛాతీ నొప్పి వచ్చేవారు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు, గర్భసంచి జారినవారు, ఇదివరకే ఎముక విరిగినవారు ముందు డాక్టరును కలవండి. మొదటి వారం తొడలు సలుపుతాయి, రెండు మూడు రోజులలో తగ్గిపోతుంది. కీలులో పోటు వస్తే మాత్రం ఆపి, వచ్చి చూపించుకోండి.