ఆరామ్ కోసం వెళ్లి అలసిపోయి వస్తున్నామా? ఈసారి సెలవును ఇలా ప్లాన్ చేద్దాం

మూడేళ్ల కిందట ఎండాకాలం సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ టూర్ వెళ్లాం. ప్లాన్ వేసింది నేనే. కడప నుంచి మైసూర్, అక్కడి నుంచి ఊటీ, తర్వాత కొడైకెనాల్, మళ్లీ ఇంటికి. నాలుగు రోజులు, పన్నెండు మంది, ఒక టెంపో ట్రావెలర్. దారిలో హలాల్ భోజనం దొరుకుతుందో లేదోనని అమ్మీ గ్యాస్ స్టవ్, బియ్యం, మసాలా డబ్బా వెంట తెచ్చింది. ఊటీలో మేమంతా బొటానికల్ గార్డెన్ చూస్తుంటే, అమ్మీ, ఖాలా లాడ్జి వెనక వరండాలో కూర్చుని ఉల్లిపాయలు తరిగారు.

ఇంటికి వచ్చిన మర్నాడు అమ్మీ మోకాళ్లు వాచిపోయాయి. నూనె రాసుకుంటూ నన్ను ఒకే మాట అడిగింది: “ఆరామ్ కు గయే థే నా బేటా?” ఆరామ్ కోసమే కదా వెళ్లాం అని. జవాబు చెప్పలేకపోయాను.

నేను బీకాం చదివినవాణ్ని కాబట్టి ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. నాలుగు రోజులంటే 96 గంటలు. అందులో 40 గంటల దాకా బండిలోనే గడిచాయి. ఖర్చు చూస్తే, ప్రతి వంద రూపాయల్లో 60 దాకా బండి అద్దె, డీజిల్, టోల్, డ్రైవర్ బత్తాలకే పోయాయి. అంటే మేం డబ్బు పెట్టి కొనుక్కున్నది విశ్రాంతిని కాదు, రోడ్డుని.

మన ఇళ్లలో చాలా టూర్లు ఇలాగే సాగుతాయి. ఎన్ని చోట్లు చూశామన్నదే లెక్క. ఇప్పుడు ‘వెల్‌నెస్ వెకేషన్’ అనే మాట బాగా వినిపిస్తోంది. వేలకు వేలు పోసే రిసార్టులు, స్పాలు మాత్రమే అందుకు దారి అనుకోనక్కర్లేదు. మధ్యతరగతి కుటుంబం కూడా సరిగ్గా ప్లాన్ చేసుకుంటే మూడు నాలుగు రోజులు నిజంగా విశ్రాంతి తీసుకోవచ్చు.

విశ్రాంతి కూడా వైద్యమే

ఇది కొత్తగా వచ్చిన ఆలోచనేమీ కాదు. యునానీ వైద్యంలో ‘అస్బాబె సిత్తా జరూరియా’ అని ఆరు విషయాలు చెబుతారు. మనిషి ఆరోగ్యం వీటి మీదే నిలబడుతుందంటారు. ఒకటి గాలి. రెండు తిండి, నీళ్లు. మూడు శరీరానికి కదలిక, విశ్రాంతి. నాలుగు మనసుకు కదలిక, విశ్రాంతి. ఐదు నిద్ర, మెలకువ. ఆరు ఒంట్లో ఉండాల్సింది ఉండటం, పోవాల్సింది పోవటం. తిండికి ఇచ్చిన స్థానమే నిద్రకూ, మనసు సుకూన్‌కూ ఇచ్చారు చూడండి.

మన ప్రాంతంలో దీనికి కళ్లెదుట కనిపించే గుర్తులు కూడా ఉన్నాయి. టీబీకి మందు లేని రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి, ఇవే చికిత్స. అందుకే మదనపల్లె దగ్గర 1915 ప్రాంతంలో ఆరోగ్యవరం శానిటోరియం వెలిసింది. తెలంగాణలో వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల మీద కూడా శానిటోరియం కట్టారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో మదనపల్లె వచ్చి కొన్ని రోజులు ఉన్నారు. ‘జనగణమన’ను ఆయన ఇంగ్లిష్‌లోకి అనువదించింది అక్కడే.

ఒకే చోటు, దగ్గరి చోటు

మొదటి సూత్రం ఇదే. ఒక ట్రిప్‌కి ఒకే ఊరు. ఇంటి నుంచి మూడు నాలుగు గంటల్లో చేరిపోవాలి. అంతకు మించితే వెళ్లిన రోజు, వచ్చిన రోజు రెండూ ప్రయాణానికే పోతాయి.

రెండోసారి మేం హార్స్‌లీ హిల్స్ ఎంచుకున్నాం. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరం, 4,000 అడుగులకు పైగా ఎత్తు. బ్రిటిష్ కాలంలో కడప కలెక్టర్‌గా ఉన్న హార్స్‌లీ వేసవిలో ఉండటానికి అక్కడ బంగళా కట్టించుకున్నాడు, ఆయన పేరే కొండకు స్థిరపడింది. టూరిజం శాఖ గదులున్నాయి. చూడటానికి గాలిబండ, కొన్ని వ్యూపాయింట్లు, చెట్ల నీడన నడిచే దారులు, అంతే. ‘చూడాల్సినవి తక్కువ’ అని చాలామంది పెదవి విరుస్తారు. ఆరామ్ కోసం వెళ్లేవాళ్లకు అదే మేలు.

హైదరాబాద్ వాళ్లకు అనంతగిరి 80 కిలోమీటర్ల లోపే. మూసీ నది పుట్టేది అక్కడే. వికారాబాద్ వరకు రైల్లో వెళ్లి ఆటో మాట్లాడుకోవచ్చు. విశాఖ వైపు వాళ్లకు అరకు ఉంది. రైలు ప్రయాణమే హాయిగా ఉంటుంది. గుంటూరు, బాపట్ల వాళ్లకు సూర్యలంక సముద్రం దగ్గర.

ఎప్పుడు, ఎన్ని రోజులు

కనీసం మూడు రాత్రులు ఉండాలి. మొదటి రోజు ఒళ్లు ఇంకా ఇంటి పరుగులోనే ఉంటుంది. రెండో రోజు నుంచే అసలు విశ్రాంతి మొదలవుతుంది.

వీలైతే సోమవారం వెళ్లి గురువారం వచ్చేయండి. శని, ఆదివారాల్లో ఇలాంటి చోట్ల జనం, కార్ల హారన్లు ఎక్కువ. పైగా గురువారానికి ఇల్లు చేరితే జుమా నమాజు మన మసీదులోనే చదువుకోవచ్చు. పిల్లల పరీక్షలు, రంజాన్, ఇంట్లో పెళ్లిళ్లు ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటే తేదీలు సులువుగా దొరుకుతాయి.

స్టవ్ ఇంట్లోనే ఉండాలి

ఈ ఒక్క విషయం సరిచూసుకోకపోతే మిగతా ప్లానంతా వృథా. వంట వెంట వస్తే, ఆడవాళ్లకు సెలవు లేనట్టే. కానీ హలాల్ సంగతి కూడా వదల్లేం. మరెలా?

గది బుక్ చేసే ముందే హోటల్‌కి ఫోన్ చేసి మాంసం ఎక్కడి నుంచి తెస్తారో అడగండి. సంతృప్తిగా లేకపోతే ఆ మూడు రోజులు పప్పు, కూరగాయలు, గుడ్డు, చేపలతో గడిపేయండి. మూడు రోజులు మటన్ లేకపోతే ఎవరికీ ఏమీ కాదు. మాంసం తప్పనిసరి అనుకుంటే కింద ఊళ్లో మనవాళ్ల హోటల్ నుంచి పార్సెల్ తెచ్చుకోవచ్చు. మేం కొండ ఎక్కేముందు మదనపల్లెలో అలాగే బిర్యానీ తీసుకున్నాం.

చాయ్ కోసం చిన్న ఎలక్ట్రిక్ కెటిల్, టీపొడి, చక్కెర, పాలపొడి చాలు. ఆ చాయ్ కూడా పిల్లలో మగవాళ్లో పెట్టాలని ముందే మాట్లాడుకోండి. బట్టలు ఉతికే పని పడకుండా రోజుకో జత లెక్కన సర్దుకోండి.

ఐదు నమాజులే టైం టేబుల్

విశ్రాంతి అంటే రోజంతా పడుకోవడం కాదు. రోజుకు ఒక తీరు ఉండాలి, కానీ హడావిడి ఉండకూడదు. మనకు ఆ తీరు ఎలాగూ ఉంది. ఫజర్ తర్వాత అరగంట నడక. ఎండ ఎక్కకముందు గాలి చల్లగా ఉంటుంది, జనం ఉండరు. నాష్తా తర్వాత ఒకే ఒక పని, ఏదో ఒక చోటు చూడటమో, చెట్టు కింద కూర్చోవడమో. జొహర్, భోజనం, ఆపైన ఖైలూలా. పెద్దవాళ్లు ఏళ్లుగా చెబుతున్న ఆ మధ్యాహ్నపు కునుకును మనం ఆఫీసుల్లో, దుకాణాల్లో పడి మరిచిపోయాం. అసర్ తర్వాత పిల్లలతో ఆట. ఇషా అయ్యాక త్వరగా పడక.

ఫోన్ గురించి కూడా ఒక నియమం పెట్టుకోండి. మేం రోజుకు రెండుసార్లు, జొహర్ తర్వాత ఒకసారి, మగ్రిబ్ తర్వాత ఒకసారి చూసుకున్నాం. వ్యాపారం ఉన్నవాళ్లు వెళ్లేముందే దుకాణం తాళాలు, బ్యాంకు పనులు ఒకరికి అప్పగించాలి. మనసు కొట్లో ఉంటే ఒళ్లు కొండ మీద ఉండి లాభం లేదు.

మాలిష్, ఆయుర్వేదం ప్యాకేజీలు

కొందరు కేరళ వెళ్లి ఆయుర్వేద చికిత్స తీసుకోవాలనుకుంటారు. మంచిదే. మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లోని ఆర్య వైద్యశాల 1902 నుంచి నడుస్తోంది. ఆ జిల్లాలో ముస్లిం జనాభా ఎక్కువ కాబట్టి మసీదు, హలాల్ భోజనం సమస్య ఉండదు. అయితే కొన్ని విషయాలు ముందే తెలుసుకోవాలి.

ఆడవాళ్లకు మాలిష్ చేసేది ఆడవాళ్లేనా, గది వేరుగా ఉంటుందా అని అడగండి. ఇది మొహమాటపడే విషయం కాదు. పంచకర్మ లాంటివి రెండు మూడు రోజుల్లో అయ్యేవి కావు. ‘మూడు రోజుల్లో పంచకర్మ’ అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే జాగ్రత్త. లోపలికి ఇచ్చే మందుల్లో అరిష్టాలు, ఆసవాలు ఉంటాయి. వాటిని పులియబెట్టి తయారు చేస్తారు కాబట్టి సహజంగానే కొంత ఆల్కహాల్ పుడుతుంది. అది వద్దనుకునేవాళ్లు కషాయం, మాత్రలు, లేహ్యం రూపంలో ఇవ్వగలరేమో వైద్యుడిని అడగండి. సందేహం ఉంటే ముందే ఆలిమ్‌ను సంప్రదించండి.

యునానీలో కూడా దల్క్ (మాలిష్), హమ్మామ్ లాంటి పద్ధతులున్నాయి. వీటిని ‘ఇలాజ్ బిత్ తద్బీర్’ అంటారు. ఏ పద్ధతైనా సరే, గుండెజబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు తమ డాక్టర్‌కు చెప్పకుండా చేయించుకోకూడదు. రోజూ వేసుకునే మాత్రలు సొంతంగా ఆపకూడదు. రెండు రోజులకు అదనంగా మాత్రలు పెట్టుకోండి. కొండమీద కావలసిన మందు దొరక్కపోవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని ఎండలో ఆగిన కారులో వదిలేయొద్దు.

ఖర్చు ఇలా చూసుకోండి

ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. ప్రయాణం, గది, భోజనం, ఇతరాలు. ప్రయాణం గడి మొత్తంలో మూడో వంతు దాటితే ఆ ఊరు మీకు దూరమన్నమాట, దగ్గరిది చూడండి. అక్కడ మిగిలిన డబ్బును గదికి పెట్టండి. ఇద్దరు పడుకునే గదిలో ఆరుగురు సర్దుకుంటే ఎవరికీ నిద్ర ఉండదు. పెద్దవాళ్లుంటే కింది అంతస్తు, వెస్టర్న్ టాయిలెట్, వేడినీళ్లు ఉన్నాయో లేదో అడిగి తీసుకోండి.

ఎంతమంది వెళ్లాలన్నది కూడా ఖర్చు లెక్కే. పన్నెండు మందితో వెళ్తే అది సంబరం. దాని సంతోషం దానిది. విశ్రాంతికి మాత్రం నలుగురైదుగురు చాలు. అప్పు చేసి, క్రెడిట్ కార్డు గీకి అస్సలు వెళ్లొద్దు. తిరిగొచ్చాక కిస్తీలు కట్టే టెన్షన్ ఆ మూడు రోజుల సుకూన్‌ను మింగేస్తుంది. నెలకు కొంత చొప్పున ఏడాది పక్కన పెడితే సరిపోతుంది.

హార్స్‌లీ హిల్స్‌కు మేం ఐదుగురం వెళ్లాం. మొదటి రోజు అమ్మీ మూడుసార్లు లేచి “ఏం వండాలి?” అని అడిగింది. రెండో రోజు ఫజర్ చదివి మళ్లీ పడుకుని తొమ్మిదింటికి లేచింది. అమ్మీ తొమ్మిది వరకు పడుకోవడం నా వయసులో నేను చూడటం అదే మొదటిసారి. అబ్బా భయపడి ఒంట్లో బాగాలేదేమోనని నుదురు ముట్టుకుని చూశారు.

ఈసారి సెలవుల ప్లాన్ వేసేటప్పుడు మ్యాప్ తెరిచే ముందు, మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ పని చేసేవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లకేం కావాలో అడగండి. బహుశా వాళ్లు ఏ ఊరి పేరూ చెప్పరు. “కాసేపు ఊరికే కూర్చుంటే చాలు” అంటారు. అక్కడి నుంచి మొదలుపెట్టండి.